ఆది జాకెట్టుకు బదులు అసలు సైజు కాగితం

బ్లౌజు కుట్టించుకోడానికి మా ఇంటికి వచ్చేవాళ్లకు ఇప్పుడు ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. ఆది జాకెట్టు (కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు) తెచ్చినా సరే, తేకపోయినా సరే, పది నిమిషాలు నిలబడి కొలతలు ఇవ్వాలి. కొందరికి ఇది విసుగు. "ఇన్నాళ్లూ ఆది ఇచ్చే కుట్టించుకున్నాం కదమ్మా, ఇప్పుడేటి కొత్తగా?" అంటారు. పెళ్లిళ్ల సీజన్లో ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పే తీరిక ఉండదు. అందుకే ఆ కొలతలతో కంప్యూటర్లో జాకెట్టు బొమ్మ గీసి, అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, దాన్ని పెట్టి కత్తిరించే నా పద్ధతి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. బ్లౌజు కుట్టించుకునేవాళ్లకే కాదు, నాలాగా ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టేవాళ్లకు కూడా ఇది పనికొస్తుందని నా ఆశ.

ఆది జాకెట్టు దాని కొలత అది చెబుతుంది, అంతే. అది ఎన్నిసార్లు ఉతికారో, ఎంత కుదించుకుపోయిందో, పక్క కుట్లు ఎన్నిసార్లు విప్పి మళ్లీ వేశారో మనకు తెలీదు. వెనక మెడ సాగిపోయి ఉంటుంది. దాన్ని టేబుల్ మీద పరిచి, మడత మీద మడత పెట్టి, చాక్‌తో చుట్టూ గీసుకుంటే ఆ సాగుడు కూడా కొత్త జాకెట్టులోకి వచ్చేస్తుంది. ఎడమ చంక దగ్గర ముడత పడేది ఉంటే కొత్తదానికీ అక్కడే ముడత. దాన్ని మళ్లీ ఇంకో టైలరుకు ఆదిగా ఇస్తారు. అలా ఒక తప్పు ఒకే మనిషి వెంట ఏళ్ల తరబడి తిరుగుతుంది. పైగా మనిషి మారుతుంది. కాన్పు తర్వాత, థైరాయిడ్ వచ్చాక, వయసు మీద పడ్డాక భుజాలు, వీపు, ఛాతీ అన్నీ మారతాయి. ఆది మాత్రం బీరువాలో అలాగే ఉంటుంది.

నాకు కటింగ్ నేర్పింది ఆమదాలవలసలో ఒక మాస్టారు. ఆయన ఆది ముట్టుకునేవారు కాదు. టేపు మెడలో వేసుకుని, కొలత తీస్తూ పైకి చెప్పేవారు, నేను రాసుకునేదాన్ని. తర్వాత బ్రౌన్ పేపరు పరిచి, లెక్కలన్నీ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవారు. ఛాతీలో నాలుగో వంతు, మీద ఒక ఇంచి లూజు. చంక డౌన్‌కు, అంటే భుజం నుంచి చంక దాకా లోతుకు, ఛాతీలో ఆరో వంతు, మీద ఒక ఇంచి. అంటే 36 ఛాతీకి చంక డౌన్ 7 ఇంచులు. 30 ఛాతీకి 6. అయితే 44 ఛాతీ ఆవిడ వస్తే ఈ లెక్కన ఎనిమిదింబావు దాటుతుంది. అంత లోతు చంక పెడితే చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. అక్కడ మాస్టారు నోటితో ఎనిమిదింబావు అని చెబుతూనే చాక్ మాత్రం ఎనిమిది దగ్గర, ఒక్కోసారి ఎనిమిది కంటే తక్కువలో పెట్టేవారు. ఆ తగ్గింపు ఆయన చేతికి తెలుసు. ఏ పుస్తకంలోనూ లేదు, నా నోట్సులోనూ లేదు.

సాఫ్ట్‌వేర్ దగ్గరికి నేను వచ్చింది ఆ తగ్గింపు కోసమే. మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు తన పాత లాప్‌టాప్ నాకు ఇచ్చి, సీమ్లీ టూడీ అనే ప్రోగ్రాం వేసిపెట్టాడు. ఉచితం. ఎవరైనా దింపుకోవచ్చు, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది. దీని మూలం 2013లో ఉక్రెయిన్ ప్రోగ్రామరు ఒకాయన మొదలుపెట్టిన వాలెంటీనా. తర్వాత అది రెండు పాయలైంది. ఒకటి వాలెంటీనాగానే ఉంది, రెండోది సీమ్లీ అయింది. పని తీరు రెండింటిదీ దగ్గరదగ్గరగా ఒకటే. వేలకు వేలు పోసి కొనే గార్మెంట్ ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయి, వాటి జోలికి నేను పోలేదు. ఇంటి టైలరింగుకు ఇది చాలు. చాలనడం తక్కువ చేసినట్టే, ఇందులో సగం కూడా నేనింకా వాడలేదు.

ఇందులో రెండు భాగాలు. ఒకటి కొలతల పుస్తకం, దాన్ని సీమ్లీ మీ అంటారు. మనిషికొక ఫైలు. ఛాతీ, ఛాతీ పైన, ఛాతీ కింద, నడుం, షోల్డర్, భుజం నుంచి డాట్ పాయింట్ (ఛాతీ నిండు కోసం గుడ్డను మడిచి కుట్టే డాట్ల కొస), పాయింటుకూ పాయింటుకూ మధ్య దూరం, వెనక పొడవు, ముందు పొడవు, చేతి లూజు, ఇలా ప్రతి కొలతకూ ఒక పేరు, ఒక అంకె. పక్కన ఆ కొలత ఒంటి మీద ఎక్కడ తియ్యాలో బొమ్మ కూడా చూపిస్తుంది. రెండో భాగం బొమ్మ గీసేది. అక్కడ మొదట ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్క నుంచి ఇంత దూరంలో, ఇన్ని డిగ్రీల కోణంలో ఇంకో చుక్క పెట్టమని చెప్పాలి. కుడివైపు సున్నా, పైకి 90, ఎడమకు 180, కిందికి 270. అంతే, మిగతాదంతా దానిమీదే నడుస్తుంది.

దూరం అడిగిన చోట అంకె వెయ్యకూడదు. ఇది ఎంత గట్టిగా చెప్పినా నాకు తనివి తీరదు. అక్కడ 9 అని కొట్టొచ్చు, అది గీస్తుంది కూడా. ఆ బొమ్మ మాత్రం ఆ ఒక్క మనిషికే. దానికి బదులు ఛాతీ భాగహారం నాలుగు, కలిపితే ఒకటి అని సూత్రం రాస్తే, రేపు ఇంకొకరి కొలతల ఫైలు తెచ్చి జోడించగానే బొమ్మంతా దానంతటదే కొత్త ఒంటికి సర్దుకుంటుంది. మెడ, చంక, డాట్లు, చెయ్యి అన్నీ ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. నా కళ్ల ముందే కదిలాయి. మాస్టారు నోటితో చెప్పినవి సూత్రాలేనని నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ వాటిని రాసుకునే చోటు లేదంతే.

ఆయన చేతిలో ఉన్న ఆ తగ్గింపును కూడా పట్టుకోవాలని కూర్చున్నాను. నా పాత నోట్సుల్లో నేను నిజంగా కత్తిరించిన చంక డౌన్ అంకెలు ఉన్నాయి. వాటిని ఛాతీ అంకెల పక్కన పెట్టి చూసుకుంటే ఆరో వంతు మీద ఒకటి అన్నది చాలాచోట్ల సరిపోలేదు. ఎనిమిదో వంతు మీద రెండున్నర అని పెడితే దాదాపు అన్నీ కలిశాయి. 36కు అదే 7 వస్తుంది. 44కు 8 వస్తుంది. 30కి ఆరుంబావు. సన్నపాటి వాళ్లకు చంక బిగుతవుతోందనే మాట కూడా ఈ పావు ఇంచితో పోయింది. నా సూత్రమే గొప్పదని కాదు. మీ చేతి వాటం వేరే ఉండొచ్చు, మీ దగ్గరికి వచ్చేవాళ్ల ఒళ్లు వేరేగా ఉండొచ్చు. మీ పాత నోట్సులు తీసి చూడండి, మీ సూత్రం అందులోనే ఉంటుంది.

ఒక చిన్న సంగతి. మన టేపు మీద ఇంచికి ఎనిమిది గీతలు. మనం ఏడుంబావు, ఏడున్నర, ఏడుంబావు మీద ఒక గీత అని మాట్లాడుకుంటాం. కంప్యూటరుకు దశాంశాలు కావాలి. పావు అంటే 0.25, ఒక గీత అంటే 0.125. ఈ పట్టిక ఒక అట్టముక్క మీద రాసి మిషను పక్కన గోడకు అంటించుకోండి. కొలతల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. నా సొంతంగా కలుపుకున్న వాటికి మాత్రం చంక, పట్టీ, కుదింపు అని మన మాటలే ఆ అక్షరాల్లో పెట్టుకున్నాను. మా మేనల్లుడికి కోణాలు తెలుసు, నాకు చంక తెలుసు. మొదట్లో వాడు "అత్తా, చంక డౌన్ అంటే ఏ చుక్క నుంచి ఏ చుక్కకి?" అని అడిగేవాడు, నేను వాణ్నే నిలబెట్టి టేపు పెట్టి చూపించేదాన్ని. ఎవరైనా పిల్లలు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, పని తొందరగా వస్తుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు చెయ్యి కలిపే దగ్గర. టైలరింగ్ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, బ్లౌజు బాగుందా లేదా అనేది తేలేది అక్కడే. ముందు ముక్క చంక వంపు, వెనక ముక్క చంక వంపు, ఈ రెండూ కలిపిన పొడవు ఒకవైపు. చెయ్యి పై వంపు పొడవు ఇంకోవైపు. కాగితం మీద అయితే టేపును నిలువుగా అంచు మీద నిలబెట్టి వంపు వెంట నడిపించాలి. అది జారుతుంది, రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి. ఇక్కడ గీసిన ప్రతి వంపు పొడవూ పట్టికలో అంకెగా కనిపిస్తుంది. చంక రెండు వంపులూ కలిపి 16.4 ఉందనుకోండి. చెయ్యి వంపు 16.9 అయితే అర ఇంచి ఎక్కువ. టూ బై టూ కాటన్‌లో ఆ అర ఇంచి భుజం మీద నెమ్మదిగా సర్దుకుంటుంది. పట్టులో అంత సర్దుకోదు, చిన్న చిన్న ముడతలుగా నిలబడిపోతుంది. అందుకని పట్టుకు పావు ఇంచికి మించనివ్వను. వంపు కొసను మౌసుతో కొంచెం కిందికి లాగి, పట్టిక చూసి, మళ్లీ లాగి, అంకె కుదిరేదాకా కూర్చుంటాను. ఒక్క కత్తెర వేటు కూడా పడకముందే చెయ్యి కూర్చుంటుందా లేదా అనేది తెలుస్తోంది. ఇది నాకు దొరికిన పెద్ద సుఖం.

కుట్టుకు వదిలే మార్జిన్ కూడా అదే గీస్తుంది. అన్ని అంచులకూ ఒకేలా పెట్టక్కర్లేదు. మెడకు పావు, భుజానికి అర, పక్కకు ఒకటిన్నర, ఇలా అంచుకొక రకంగా చెప్పొచ్చు. పక్క మార్జిన్ మాత్రం తగ్గించకండి. మనవాళ్లు ఒక బ్లౌజు ఏళ్ల తరబడి వేసుకుంటారు, విప్పి లూజు చేసుకోడానికి లోపల గుడ్డ ఉండాలి. రెడీమేడ్ వాటికీ మన కుట్టుకూ ఉన్న తేడా అదే.

రెడీమేడ్ కాగితం ప్యాటర్న్‌ల, అంటే గుడ్డ మీద పెట్టి కత్తిరించుకునే కాగితం ముక్కల, సంగతి కూడా ఒక మాట. 1863లో అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ సైజుల వారీగా కాగితం ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి అక్కడ ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్లు సైజు నంబరు చూసి కవరు కొనుక్కుంటున్నారు. ఇప్పుడు అవే ఆన్‌లైన్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. బ్లౌజు ప్యాటర్న్‌లు కూడా 32, 34, 36 అని అమ్ముతున్నారు. గౌనుకూ కుర్తాకూ అవి పనికొస్తాయి. ఒంటికి అంటి ఉండే బ్లౌజుకు సైజు నంబరు చాలదు. 36 ఛాతీ ఉన్న ఇద్దరిని నిలబెట్టి చూడండి, ఒకరికి వీపు వెడల్పు, ఒకరికి ముందు నిండు. చుట్టుకొలత ఒకటే, జాకెట్టు ఒకటి కాదు.

సరే, బొమ్మ అయింది. ఇప్పుడు దాన్ని కాగితం మీద అసలు సైజులో దించాలి. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. చాలామంది ఇక్కడే విసిగి మానేస్తారు.

ఇంట్లో ఎ4 ప్రింటరు ఉంటే ఫైలును ముక్కలు చేసి పేజీలుగా తియ్యొచ్చు. సీమ్లీయే ముక్కలు చేసి ఇస్తుంది, లేకపోతే అడోబీ రీడర్లో పోస్టర్ అని ఒక ఆప్షన్ ఉంది. ఒక బ్లౌజుకు పది పన్నెండు పేజీలు అవుతాయి. ప్రింట్ కొట్టేటప్పుడు ఫిట్ అని ఉన్నదాన్ని తీసేసి యాక్చువల్ సైజ్ పెట్టాలి, లేదా స్కేల్ 100 అని ఉండాలి. చాలా ప్రింటర్లు కాగితం అంచులదాకా అచ్చు వెయ్యలేవు, చుట్టూ కొంచెం ఖాళీ వదులుతాయి. ఫిట్ పెడితే బొమ్మంతా ఆ ఖాళీ లోపల పట్టేలా కుదించేస్తుంది. ఉత్తరాలకూ ఆధార్ కాపీలకూ అది మంచిదే. మనకు మాత్రం ముప్పు. 97 శాతానికి కుదిస్తే కంటికి ఏమీ తెలీదు, కాగితం చూడ్డానికి బాగానే ఉంటుంది. 36 ఛాతీ కాస్తా 34.92 అయిపోతుంది. ఇంచికి పైన పోయినట్టే. ఇక ఆ జాకెట్టుకు హుక్కులు పడవు.

టౌన్లో ఒక షాపులో సరిగ్గా ఇలాగే అయింది. యాక్చువల్ సైజ్ అని చెప్పి ఇచ్చాను, అక్కడ అలవాటుగా ఫిట్ కొట్టేశారు. కౌంటర్ దగ్గరే టేపు తీసి కొలిచాను కాబట్టి సరిపోయింది, మళ్లీ తీయించుకున్నాను. అప్పటినుంచి ఎక్కడికెళ్లినా చేతిసంచిలో టేపు ఉండాల్సిందే.

కొలవడానికి ఒక పద్ధతి ఉంది. అందరూ ప్యాటర్న్ మూల ఒక చిన్న చదరం గీసి, 4 ఇంచులు కానీ 10 సెంటీమీటర్లు కానీ, అది సరిగ్గా వచ్చిందా లేదా చూస్తారు. మంచిదే. అడ్డంగానూ నిలువుగానూ రెండు వైపులా కొలవాలి, కొన్ని ప్రింటర్లు ఒకవైపే సాగదీస్తాయి. చిన్న చదరంలో చిన్న తేడా దొరకదు, అదొక్కటీ గుర్తుంచుకోవాలి. నూటికి ఒక వంతు తేడా ఉంటే 4 ఇంచుల్లో అది టేపు గీతలో మూడో వంతు కూడా కాదు, ఏ కన్నూ పట్టుకోలేదు. అందుకని నేను చదరంతో పాటు ప్రతి ప్యాటర్న్ మీదా 20 ఇంచుల పొడవు గీత ఒకటి గీసి పెడతాను. దాంట్లో అదే తేడా టేపు మీద గీతన్నర దాటి కనిపిస్తుంది. ఇంకోటి, మన మెత్తటి టేపులు వాడగా వాడగా సాగుతాయి. పాత టేపు, కొత్త టేపు పక్కపక్కన పెట్టి చివర చూడండి, నమ్మకం కుదరకపోతే వడ్రంగి వాడే ఉక్కు టేపుతో పోల్చండి. నేను కొలిచే టేపు, ప్రింటు సరిచూసే టేపు రెండూ ఒకటే ఉంచుకున్నాను.

పేజీలు అతికించడంలో ఓపిక కావాలి. మూలల్లో గుర్తులు ఉంటాయి, వాటిని వెలుతురుకు పట్టి ఒకదానిమీద ఒకటి కుదిర్చి అతికించాలి. ఒక్కో అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా నాలుగు అతుకులకు గీత తేడా అవుతుంది. చల్లగాలికి ఫ్యాన్ వేస్తే పేజీలు ఎగిరిపోతాయి, ఫ్యాన్ ఆపితే మన ఊరి ఉక్కకు చేతి చెమట కాగితానికి అంటుకుంటుంది. ఒకటో రెండో బ్లౌజులైతే పర్వాలేదు. పని పెరిగాక ఇది కుదరదు.

దీనికి దారి ఇంజనీర్ల జిరాక్స్ షాపు. ఇళ్ల ప్లాన్లు పెద్ద కాగితాల మీద తీస్తారే, ఆ ప్లాటరు. మన శ్రీకాకుళంలోనూ ఉన్నాయి, విజయనగరంలోనూ ఉన్నాయి. జిల్లా కేంద్రం అన్నాక ఇళ్ల ప్లాన్లు, సర్వే మ్యాపులు లేకుండా ఉండవు కదా. అందులో 24 ఇంచుల రోలు, 36 ఇంచుల రోలు వాడతారు. ఎ0 కాగితం అంటే 841 మిల్లీమీటర్లు అడ్డం, 1189 నిలువు, ఎ4 పేజీలు పదహారు పట్టేంత. బ్లౌజు ముక్కలన్నీ అందులో సగంలో సర్దుకుపోతాయి. 36 రోలు మీద పక్కపక్కన ఇద్దరివి తీయించుకోవచ్చు. గీతలే కాబట్టి ఇంకు ఖర్చు తక్కువ, ముక్కల లోపల రంగు నింపకుండా ఇస్తే చాలు. ఫ్లెక్స్ బ్యానర్లు కొట్టే షాపులోనూ అడిగాను. వాళ్ల దగ్గర వినైల్ ఉంటుంది, అది ప్యాటర్న్‌కు పనికిరాదు, మడత పడితే పోదు.

మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి కుర్రాడు ఫైలు తెరిచి, "ఏటి పిన్నీ ఇది, ఏ సైటు?" అన్నాడు. జాకెట్టు అని చెప్తే నమ్మలేదు. స్కేలు ఎంత పెట్టమంటారు, ఒకటికి వందా అన్నాడు. ఒకటికి ఒకటి అన్నాను. వాళ్ల మాటల్లో అలాగే చెప్పాలి, వన్ ఈజ్ టు వన్ అంటే ఇట్టే అర్థమవుతుంది. అసలు సైజు, ఫుల్ సైజు అంటే ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు. ఇప్పుడు ఆ అబ్బాయే కాగితం బయటికి రాగానే నా 20 ఇంచుల గీత మీద స్కేలు పెట్టి చూసి మరీ చుట్టి ఇస్తున్నాడు.

ఫైలు పీడీఎఫ్‌గానే ఇవ్వండి. ఎస్వీజీగా (గీతల బొమ్మలకు వాడే ఇంకో రకం ఫైలు) ఇచ్చి వేరే ప్రోగ్రాంలో తెరిస్తే సైజు మారే ప్రమాదం ఉంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాం పాతది ఇంచికి 90 చుక్కల లెక్కన నడిచేది, 2017లో వచ్చిన 0.92 వెర్షన్ నుంచి 96 అయింది. అప్పటి ఫైలును ఆ లెక్క సరిచెయ్యకుండా ఇప్పుడు తెరిస్తే 36 కాస్తా 33.75 అవుతుంది. పీడీఎఫ్‌లో పేజీ కొలత లోపలే ఉంటుంది కాబట్టి ఆ గొడవ తక్కువ.

గుడ్డ విషయానికి వస్తాను. ఈ ప్రోగ్రాంలో ముక్కలన్నీ కాగితం మీద సర్దిపెట్టే లేఅవుట్ అనే చోటు ఉంది. అక్కడ కాగితం వెడల్పుకు బదులు గుడ్డ పన్నా వేసి చూస్తాను. చీరతో వచ్చే బ్లౌజు ముక్క 80 సెంటీమీటర్లే ఉంటుంది చాలాసార్లు. మోచేతి దాకా చేతులు కావాలంటారు, క్రాస్ కటింగ్ కావాలంటారు. క్రాస్ అంటే ముందు ముక్క ఐమూలగా పడాలి, అది చోటు ఎక్కువ తింటుంది. ముక్క మీద పోగు గీత (నేత పోగు ఎటు పడాలో చూపే గీత) గీసి పెడితే ప్రోగ్రాం దాన్ని ఇష్టం వచ్చినట్టు తిప్పదు. గుడ్డ సరిపోతుందా, చేతులు రెండు ఇంచులు తగ్గించుకోవాలా అనే మాట కస్టమరు ఎదురుగా ఉండగానే చెప్పేస్తున్నాను.

అంచు సంగతి మాత్రం కంప్యూటరుకు తెలీదు. పట్టు బ్లౌజు ముక్కకు ఒకవైపు పెద్ద అంచు, ఇంకోవైపు చిన్న అంచు ఉంటుంది. పెద్ద అంచు రెండు చేతుల కిందికీ రావాలి, కుడి ఎడమ బుటాలు ఎదురెదురుగా నిలబడాలి. లేఅవుట్ ఇచ్చిన సర్దుబాటు గుడ్డ మిగిల్చేది, చీర అందం చూసేది కాదు. ఇక్కడ కాగితం విలువ తెలుస్తుంది. ముక్కలు విడివిడిగా కత్తిరించుకుని, గుడ్డ మంచం మీద పరిచి, చెయ్యి ముక్కను అంచు మీద పెట్టి అటూ ఇటూ జరుపుతాను. తెర మీద ఇది చెయ్యలేను, చెయ్యాలని కూడా లేదు.

పొందూరు ఖద్దరు అయితే ఇంకా జాగ్రత్త. మన జిల్లాలో పుట్టిన గుడ్డ, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో వడికి, చేత్తో నేసింది. దాని మీద కత్తెర పెట్టేముందు నేను ఒకటికి రెండుసార్లు ఆగుతాను. ముందు నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలుస్తాను, లేకపోతే మొదటి ఉతుకులోనే పొడవు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా నేరుగా కొయ్యను. పాత నేత చీర ముక్కతో ఒక జాకెట్టు పెద్ద కుట్లతో కుట్టి తొడిగి చూస్తాను. అందులో ఎక్కడ లాగుతోందో చూసి, సూత్రం సరిచేసి, మళ్లీ ప్రింటు తీయించి, అప్పుడు ఖద్దరు. నేసినవాళ్ల కష్టానికి నేను ఇవ్వగలిగింది అంతే.

మా వీధిలో ఒక మామ్మగారు ఉన్నారు. వయసుతో వీపు బాగా వంగింది, కుడి భుజం కిందికి జారింది. ఆవిడ జాకెట్లన్నీ వెనక పైకి ఎక్కేసి, ముందు మెడ గాలికి నిలబడేవి. పిన్నీసులు పెట్టుకుని గడిపేవారు. ఆదితో ఆ జాకెట్లు ఎన్ని కుట్టినా అంతే. నేను ఆవిడ కొలతలు కుడి ఎడమ విడివిడిగా తీశాను. మెడ ఎముక నుంచి నడుం దాకా వెనక పొడవు, మెడ పక్క నుంచి నడుం దాకా ముందు పొడవు వేరువేరుగా. మామూలుగా సగం బొమ్మ గీసి గుడ్డ మడత మీద కోస్తాం, ఆవిడకు ఆ పని కుదరదు. రెండు వైపులూ వేరే గీశాను. వెనక మెడ దగ్గర రెండు చిన్న డాట్లు పెట్టాను, వీపు గుండ్రానికి చోటిస్తాయి. ముక్కల మీద కుడి, ఎడమ అని పెద్ద అక్షరాలతో ప్రింటులోనే వచ్చేలా రాశాను, లేకపోతే కోసేటప్పుడు తారుమారవుతాయి. మెత్తటి తెల్ల కాటన్, ముందు హుక్కులు, చేతులు లూజు. తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తి చూసి, "ఓలమ్మ, జాకట్టు రాలేదే పైకి!" అన్నారు. వెంటనే ఇంకో నాలుగు కుట్టమన్నారు. ఆ కాగితం చుట్ట మీద ఆవిడ పేరు, నెల రాసి పెట్టాను. ఆర్నెల్లకోసారి మళ్లీ కొలుస్తున్నాను. మారిన అంకె ఒకటో రెండో దిద్దితే చాలు, మిగతా బొమ్మ దానంతటదే సర్దుకుంటుంది.

ఒంట్లో ఏదో ఒక తేడా లేని మనిషి నా టేబుల్ దగ్గరికి ఇంతవరకూ రాలేదు. ఒకరికి ఆపరేషన్ అయి ఒక పక్క పల్చబడి ఉంటుంది, ఒకరికి బరువులు మోసి ఒక భుజం పెరిగి ఉంటుంది. వాళ్లు సిగ్గుపడుతూ చెబుతారు, కొందరు చెప్పరు, టేపే చెబుతుంది. వాళ్లకు సరిగ్గా అమరే జాకెట్టు కుట్టడం ఇప్పుడు నాకు రెట్టింపు పని కాకుండా పోయింది. అందుకే ఆ పది నిమిషాలు నిలబడమని అడుగుతున్నాను.

కాగితం చుట్టలు కస్టమర్లు అడిగితే ఇచ్చేస్తున్నాను. ఒకావిడ కూతురు పెళ్లయి హైదరాబాద్ వెళ్తుంటే ప్యాటర్న్ తీసుకెళ్లింది, అక్కడి టైలరు దాన్నే పెట్టి కుట్టాడట. నా పని పోతుందని మా ఇంట్లో కొందరికి బెంగ. ఆ అమ్మాయి కొలత ఆ అమ్మాయిదే కదా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బ్లౌజుతో మొదలుపెట్టకండి. ముందు లంగా గీయండి. నడుం, పొడవు, ఆరు ముక్కలు, అన్నీ నిటారు గీతలే. సూత్రం రాయడం, మార్జిన్ పెట్టడం, ప్రింటు తీసి కొలవడం మూడూ దాంతో వచ్చేస్తాయి. తర్వాత చెయ్యి లేని కుర్తా, ఆ తర్వాత నాలుగు డాట్ల బ్లౌజు. కటోరి (ఛాతీ దగ్గర గిన్నెలా విడి ముక్క పెట్టి కుట్టేది), ప్రిన్సెస్ కట్ (డాట్లకు బదులు పొడవాటి అతుకుతో కుట్టేది) చివర్న. నేను ఇప్పుడు కటోరి గిన్నె దగ్గర ఉన్నాను. రెండు వంపులు ఒకే పొడవు వచ్చేలా సూత్రం కుదరడం లేదు, పావు ఇంచి తేడా వస్తోంది. సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యేలోపు అది తేల్చాలి. ఎవరైనా కటోరి ఇలా గీసినవాళ్లు ఉంటే గిన్నె కింది వంపును దేనిలో ఎన్నో వంతు పెట్టారో చెప్పండి, నా అంకెలు కూడా ఇక్కడే పెడతాను.